పదిహేడేళ్ళ ఫాస్ట్ బౌలర్‌ని ఎట్లా అంచనా వెయ్యాలి? కుమార్ రాకర్ కథ

సూర్యాపేట నుంచి మాట్లాడుతున్నా.

పోయిన ఎపిసోడ్ తర్వాత ఒకే ప్రశ్న మూడు ఊర్ల నుంచి వచ్చింది. కోదాడ నుంచి ఒక తండ్రి, మిర్యాలగూడ నుంచి ఒక అన్న, ఇక్కడ మన సూర్యాపేట నుంచే ఇద్దరు తమ్ముళ్ళు. మాటలు వేరు కానీ విషయం ఒక్కటే. "పిలగాడు టెన్త్ అయిపోయిండు. బాల్ బాగా స్పీడ్ వేస్తడు. ఇంటర్ మాన్పించి హైదరాబాద్‌లో అకాడమీల వెయ్యాల్నా?"

మిర్యాలగూడ అన్న ఒక వీడియో కూడా పంపిండు. రనప్ బాగుంది, బాల్ కీపర్ దగ్గరికి ఛాతీ ఎత్తులో పోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ పది సెకన్ల వీడియో చూసి ఒక పిల్లవాడి రెండేళ్ళ చదువు మీద తీర్పు చెప్పడం నావల్ల కాదు. ఎవరివల్లా కాకూడదు కూడా.

అందుకే ఈరోజు దీన్ని కొంచెం దూరం నుంచి మొదలుపెడతా. అమెరికా దాకా పోయి వస్తాం, ఓపిక పట్టండి. ఎందుకంటే స్కూల్ పిల్లవాడి చెయ్యి చూసి "వీడు ఆరేళ్ళ తర్వాత ఏమైతడు" అని లెక్క వేసే పనిని పెద్ద వ్యాపారంగా, కోట్ల డాలర్లు పెట్టి, దశాబ్దాలుగా చేస్తున్నది బేస్‌బాల్ వాళ్ళు. అంత డబ్బు, అంతమంది నిపుణులు ఉండి కూడా వాళ్ళు ఎక్కడ బోల్తా పడ్డారో తెలిస్తే మనకి చాలా పనికొస్తుంది.

బేస్‌బాల్ తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. మన బౌలర్ లాంటివాడే అక్కడ పిచర్. పరుగెత్తుకుంటూ రాడు, నిలబడ్డ చోటు నుంచే విసురుతాడు, మోచెయ్యి వంచి విసరొచ్చు. బంతి మన క్రికెట్ బంతికన్నా కాస్త తేలిక, 142 నుంచి 149 గ్రాములు. మనది 156 నుంచి 163. విసిరే దూరం 18.44 మీటర్లు, మన పిచ్ 20.12. అంటే ప్రపంచం వేరు గానీ పని దగ్గర్దగ్గరే. ఒక మనిషి భుజం, మోచెయ్యి, నడుం మీద ఆధారపడ్డ పని.

అక్కడ ఏటా డ్రాఫ్ట్ అని జరుగుతుంది. మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. జట్లు వరుసగా వంతులు వేసుకుని పేర్లు పిలుస్తాయి. నిన్ను ఏ జట్టు పిలిస్తే ఆ జట్టుతోనే బేరం. హైస్కూల్ అయిపోయిన పిల్లవాణ్ణి కూడా పిలవొచ్చు. వాడికి రెండు దార్లు. సంతకం పెట్టి డబ్బు తీసుకుని కింది స్థాయి లీగుల్లోకి పోవడం, లేదా "వద్దు" అని కాలేజీకి పోవడం. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మామూలుగా మూడేళ్ళ దాకా మళ్ళీ పిలుపు ఉండదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. పేరు కుమార్ రాకర్. పుట్టింది 1999 నవంబర్‌లో. వాళ్ళ నాన్న ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, తర్వాత కోచ్. అమ్మ లలిత గారిది మన దేశం నుంచి వలస వెళ్ళిన కుటుంబం. లలిత, కుమార్. పేర్లు వింటే మన పక్క వీధి వాళ్ళలాగే లేరూ?

జార్జియా రాష్ట్రంలో నార్త్ ఒకోనీ హైస్కూల్‌లో చదివాడు. ఆరడుగుల ఐదు అంగుళాల మనిషి. హైస్కూల్‌లోనే గంటకి 95 మైళ్ళు దాటించేవాడు. మన లెక్కలో 153 కిలోమీటర్లు. స్కౌట్లు, అంటే ఊరూరా తిరిగి పిల్లల్ని చూసి రిపోర్టులు రాసేవాళ్ళు, మొదటి రౌండ్ సరుకు అన్నారు.

2018లో డ్రాఫ్ట్ జరిగింది. కొలరాడో రాకీస్ అతన్ని పిలిచింది. ఎన్నో రౌండ్‌లో అనుకుంటున్నారు? 38వ రౌండ్‌లో. అప్పట్లో మొత్తం 40 రౌండ్లు ఉండేవి. వెయ్యికి పైగా పేర్లు పిలిచాక ఇతని పేరు వచ్చింది.

ఇక్కడ ఆగండి. వెయ్యిమంది ఇతనికన్నా బాగా వేస్తారనా? కానే కాదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి పోతానని అతను ముందే మాట ఇచ్చేశాడు. ఆ మాట మార్పించాలంటే చాలా డబ్బు పెట్టాలి. పెట్టినా వస్తాడో రాడో తెలియదు. అందుకే జట్లు వదిలేశాయి. అంటే ఆ "38" అన్నది అతని చేతి విలువ కాదు, బేరం విలువ. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మన దగ్గర కూడా అంతే కదా, "సెలక్షన్‌లో పోయిండు" అంటే "వాడికి రాదు" అని ఊరంతా తీర్మానం చేసేస్తుంది.

రాకర్ సంతకం పెట్టలేదు, కాలేజీకి పోయాడు. మరుసటి ఏడాది, 2019 జూన్ 8. డ్యూక్ యూనివర్సిటీతో మ్యాచ్. ఓడిపోతే వాండర్‌బిల్ట్ ఇంటికే. ఇతనేమో మొదటి ఏడాది కుర్రాడు. బేస్‌బాల్‌లో ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థిని ఆలౌట్ చేయాలంటే 27 మందిని అవుట్ చేయాలి అనుకోండి. అందులో 19 మందిని బ్యాట్‌కి సరిగ్గా తగలనీయకుండా స్ట్రైకౌట్ చేశాడు. ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 131 బంతులు విసిరాడు. అమెరికా కాలేజీ టోర్నీలో ఆ దశలో ఒక్క హిట్టూ ఇవ్వకుండా మ్యాచ్ ముగించడం అదే మొదటిసారి. ఆ ఏడు వాండర్‌బిల్ట్ టైటిల్ కొట్టింది, అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఇతనిదే.

2021లో 122 ఇన్నింగ్స్‌లో 179 స్ట్రైకౌట్లు. మళ్ళీ డ్రాఫ్ట్. న్యూయార్క్ మెట్స్ 10వ పేరుగా పిలిచింది. 60 లక్షల డాలర్లకి ఒప్పందం కుదిరిందని వార్తలు వచ్చాయి. ఆ తర్వాత మెడికల్ పరీక్షలు జరిగాయి. రిపోర్టులు చూసి మెట్స్ వెనక్కి తగ్గింది. సంతకమే జరగలేదు. ఆలోచించండి. దేశమంతా టీవీలో చూసిన చెయ్యి, 21 ఏళ్ళ వయసు, చేతిలో ఒక్క డాలర్ లేకుండా ఇంటికి వచ్చాడు. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో భుజానికి చిన్న సర్జరీ కూడా జరిగిందని తర్వాత తెలిసింది.

2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టుకి ఆడాడు. మేజర్ లీగ్ జట్ల వ్యవస్థకి సంబంధం లేని లీగ్ అది. మన లెక్కలో పెద్ద స్టేడియంలో ఆడినవాడు తిరిగొచ్చి జిల్లా స్థాయి టోర్నమెంట్ ఆడినట్టు. ఐదు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకౌట్లు. అంతే, టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో పేరుగా పిలిచి 52 లక్షల డాలర్లు ఇచ్చింది.

38వ రౌండ్. తర్వాత 10వ పేరు. తర్వాత 3వ పేరు. నాలుగేళ్ళలో మూడు ధరలు, మనిషి ఒక్కడే.

మరి మెట్స్ తప్పు చేసిందా, రేంజర్స్ తప్పు చేసిందా? 2023 మే నెలలో రాకర్ మోచేతి లిగమెంట్‌కి ఆపరేషన్ అయింది. దాన్ని టామీ జాన్ సర్జరీ అంటారు, కోలుకోడానికి ఏడాది పైనే పడుతుంది. "చూశావా, మెట్స్ చెప్పిందే నిజమైంది" అన్నారు జనం. 2024 సెప్టెంబర్ 12న అదే మనిషి సియాటిల్ మీద మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగుర్ని స్ట్రైకౌట్ చేశాడు. అప్పుడు "చూశావా, రేంజర్స్ చెప్పిందే నిజమైంది" అన్నారు. నా లెక్కలో ఇద్దరూ సరిగ్గానే చూశారు. ఒకళ్ళు చెయ్యి ఎంత గొప్పదో చూశారు, ఇంకొకళ్ళు అది ఎంతకాలం నిలుస్తుందో చూశారు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఇవాళ మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే. మన దగ్గర మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు, రెండోది దాదాపు ఎవరూ అడగరు.

రెండో ప్రశ్న అడక్కపోతే ఏమవుతుందో చూపిస్తా. డ్రాఫ్ట్ చరిత్రలో హైస్కూల్ పిచర్‌ని మొట్టమొదటి పేరుగా పిలవడం చాలా అరుదు. 1973లో డేవిడ్ క్లైడ్. ఇదే టెక్సస్ జట్టు, అప్పట్లో స్టేడియానికి జనం రావట్లేదు. 18 ఏళ్ళ పిల్లవాణ్ణి స్కూల్ అయిపోయిన కొద్ది వారాలకే నేరుగా మేజర్ లీగ్‌లోకి దింపారు. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. పిల్లవాడు మాత్రం 18 గెలుపులు, 33 ఓటములతో ఆగిపోయాడు. 1991లో బ్రయన్ టేలర్‌కి యాంకీస్ 15 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది, ఆ రోజుల్లో అది రికార్డు. రెండేళ్ళకి ఒక గొడవలో భుజం దెబ్బతింది. మేజర్ లీగ్ గడప తొక్కలేదు. 2014లో బ్రేడీ ఐకెన్. హ్యూస్టన్ పిలిచింది, మోచేతి స్కాన్ చూసి ఇస్తానన్న డబ్బు తగ్గించింది, అతను సంతకం పెట్టలేదు. మరుసటి మార్చిలో మోచేతి ఆపరేషన్. అతను కూడా మేజర్ లీగ్ దాకా రాలేదు.

అట్లాగని హైస్కూల్ పిచర్లందరూ ఇంతేనా అంటే, కాదు. 2006లో క్లేటన్ కెర్షా అనే టెక్సస్ కుర్రాణ్ణి ఆరు జట్లు దాటేసుకుని పోతే ఏడో వంతులో డాడ్జర్స్ పట్టుకుంది. అతను ఈ తరంలో గొప్ప పిచర్లలో ఒకడయ్యాడు. అందుకే ఈ ఆట ఇంత కష్టం.

సరే, మరి స్కౌట్లు ఏం చూస్తారు? వాళ్ళ దగ్గర 20 నుంచి 80 దాకా ఒక కొలబద్ద ఉంటుంది. 50 అంటే మేజర్ లీగ్ సగటు ఆటగాడు. 80 అంటే తరానికి ఒకరిద్దరు. ఫాస్ట్‌బాల్‌కి ఒక మార్కు, మలుపు తిరిగే స్లైడర్‌కి ఒక మార్కు, స్పీడ్ తగ్గించి మోసం చేసే చేంజప్‌కి ఒకటి, అనుకున్న చోట వేసే పట్టుకి ఒకటి. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ప్రతి దానికీ రెండు మార్కులు వేస్తారు. ఇవాళ ఎంత, రేపు ఎంత కావచ్చు. పదిహేడేళ్ళ పిల్లవాడికి ఇవాళ 40 ఉండి, రేపు 60 రాయొచ్చు. ఆ మధ్యలో ఉన్న 20 మార్కులే మొత్తం జూదం.

ఆ "రేపు" మార్కు దేన్ని చూసి వేస్తారు? ముందుగా ఒళ్ళు. పదిహేనేళ్ళకే గడ్డం మీసం వచ్చి కండ పట్టినవాడు ఇవాళ స్పీడ్ వేస్తాడు, కానీ వాడి ఎదుగుదల చాలావరకు అయిపోయి ఉండొచ్చు. పొడుగ్గా, సన్నగా, భుజాలు వెడల్పుగా ఉన్నవాడు ఇవాళ కాస్త నెమ్మదిగా ఉన్నా రేపు పెరగొచ్చు. మన బీసీసీఐ అండర్-16 పిల్లలకి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసేది వయసు దొంగతనం పట్టుకోడానికి. కానీ అందులో ఇంకో పాఠం ఉంది. ఒకే తరగతి పిల్లల్లో కూడా ఎముక వయసు వేర్వేరుగా ఉంటుంది. కాబట్టి "వీళ్ళందరిలో మావాడే స్పీడ్" అన్న మాటకి పదిహేనేళ్ళప్పుడు పెద్ద విలువ లేదు.

తర్వాత చూసేది, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ ఒకేలా చేయగలడా అని. స్పీడ్ కన్నా దీనికే నేను ఎక్కువ మార్కులు వేస్తా. మొదటి ఓవర్లో, ఎనిమిదో ఓవర్లో అదే యాక్షన్ ఉందా? ముందు కాలు ఒకే చోట పడుతుందా? అలసిపోయాక భుజం కిందికి జారుతుందా? ఫోర్ కొట్టించుకున్న తర్వాత బాల్ ఎక్కడ వేస్తాడు? ఇది చూడ్డానికి పది సెకన్ల వీడియో చాలదు. మిర్యాలగూడ అన్నా, మొదటి ఓవర్ ఒకటి, చివరి ఓవర్ ఒకటి, పక్క నుంచి తీసి పంపు. ఒకదాని కింద ఒకటి పెట్టి చూద్దాం.

స్పీడ్ గురించి కూడా ఒక మాట. "140 వేస్తడు అన్నా" అని రాస్తారు. ఎవరు కొలిచారు? మీ ఫోన్‌తోనే ఒక మోస్తరుగా కొలవొచ్చు. స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేముల దగ్గర పెట్టి, ఫోన్‌ని పక్కన కదలకుండా నిలబెట్టండి. బౌలర్ చెయ్యి, అవతలి క్రీజ్ రెండూ కనపడాలి. బాల్ నేలకి తగిలితే స్పీడ్ తగ్గుతుంది కాబట్టి ఫుల్‌టాస్ వేయించండి. చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి అవతలి క్రీజ్ దాటే ఫ్రేము దాకా లెక్కపెట్టండి. క్రీజ్ నుంచి క్రీజ్‌కి సుమారు 17.7 మీటర్లు. 120 ఫ్రేములు వచ్చాయనుకోండి, అంటే అర సెకను, అంటే సగటున గంటకి 127 కిలోమీటర్లు. ఒక్క ఫ్రేము తేడా వస్తే ఒక కిలోమీటర్ అటూఇటూ అవుతుంది. కానీ దూరం ఒక్క మీటర్ తప్పు కొలిస్తే ఏడు కిలోమీటర్లు పోతుంది. టేపు పెట్టి కొలవండి, అడుగులేసి కాదు! అట్లాగే టెన్నిస్ బాల్‌తో వచ్చిన నంబర్‌ని లెదర్ బాల్ నంబర్‌తో కలపొద్దు.

ఇక అసలైన రెండో ప్రశ్న, చెయ్యీ నడుమూ నిలుస్తాయా? బేస్‌బాల్‌లో మోచెయ్యి పోతుంది. మన ఫాస్ట్ బౌలర్‌కి నడుం పోతుంది. నడుం కింది ఎముకలు పూర్తిగా గట్టిపడేది ఇరవై ఏళ్ళు దాటాకే. అంతలోపు ఎక్కువ ఓవర్లు వేయిస్తే ఎముకలో సన్నని పగులు వస్తుంది, దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కుడిచేతి బౌలర్‌కి తరచుగా ఎడమవైపు నడుంలో నొప్పి, వెనక్కి వంగితే ఇంకా ఎక్కువ. అట్లా ఉంటే బామ్ రాసి ఆడించొద్దు. బౌలింగ్ ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో పోయే అవకాశం ఎక్కువ.

అమెరికాలో పిల్లల చేతులు కాపాడ్డానికి పిచ్ స్మార్ట్ అని నియమాలు పెట్టారు. 15, 16 ఏళ్ళవాళ్ళు రోజుకి 95 బంతులు, 17, 18 ఏళ్ళవాళ్ళు 105 బంతులు మించకూడదు. ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. క్రికెట్‌లో ఇంగ్లండ్ బోర్డు చాలా ఏళ్ళు పాటించిన లెక్క, అండర్-15 ఫాస్ట్ బౌలర్ ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకి 12. అండర్-17 అయితే స్పెల్‌కి 7, రోజుకి 18. ఇప్పుడు మన సంక్రాంతి టోర్నమెంట్లు గుర్తు తెచ్చుకోండి. పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒకటి, ఫ్లడ్‌లైట్లలో ఇంకొకటి. గెలిపించేది ఆ ఒక్క పిలగాడే కాబట్టి ప్రతి మ్యాచ్‌లో పూర్తి ఓవర్లు వాడే వేస్తాడు. మధ్యలో నెట్స్ కూడా. ఎవడూ లెక్క రాయడు. ఒక నోట్‌బుక్ పెట్టండి, లేదా ఫోన్‌లో నోట్స్ తెరవండి. తేదీ, ఎన్ని బంతులు, ఎక్కడైనా నొప్పి ఉందా. ఈ మూడు గడులు చాలు. రేపు ఏ కోచ్ దగ్గరికి పోయినా ఆ పుస్తకం మీ వీడియో కన్నా విలువైనది.

"అన్నా, ఇప్పుడు పోకపోతే వయసు అయిపోతది కదా" అంటారు. దానికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. మహమ్మద్ సిరాజ్. ఆటో డ్రైవర్ కొడుకు. గల్లీలో టెన్నిస్ బాల్‌తో ఆడుతూ పెరిగాడు. అండర్-19 ప్రపంచకప్ ఆడలేదు. రంజీలో మొదటి మ్యాచ్ 2015లో, అప్పటికి 21 ఏళ్ళు. తర్వాతి సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల బేస్ ధర నుంచి 2.6 కోట్లకి పోయాడు. 2023 ఆసియా కప్ ఫైనల్‌లో శ్రీలంక మీద 21 పరుగులకి 6 వికెట్లు. పదిహేడేళ్ళప్పుడు అతన్ని ఎవరైనా అంచనా వేసి ఉంటే కాగితం మీద ఏం కనిపించేది? ఏమీ లేదు. అయితే అందరూ సిరాజ్ అవుతారని నేను అనట్లేదు, అట్లా అనుకునేవాళ్ళు అప్పులపాలయ్యారు. వయసు గురించిన భయంతో తొందరపడొద్దు అంటున్నా, అంతే.

కోదాడ అన్నా, మీ ప్రశ్నకి నేరుగా చెప్తా. ఇంటర్ మాన్పించొద్దు. రాకర్ "వద్దు" అనగలిగింది వెనకాల వాండర్‌బిల్ట్ ఉంది కాబట్టే. మీవాడికి ఆ వెనకాల ఉండేది ఇంటర్ సర్టిఫికెట్. అకాడమీ ఏదైనా సరే, చేరే ముందు రెండు అడగండి. రోజుకి ఎన్ని బంతులు వేయిస్తారు, దెబ్బ తగిలితే ఎవరికి చూపిస్తారు. ఫీజు చెప్పినంత గబగబా ఈ రెండింటికి జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. సెలవుల్లో నెలరోజులు పంపండి, జిల్లా సెలక్షన్లకి పంపండి. అండర్-16లో విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19లో కూచ్ బెహార్ ట్రోఫీ జట్ల దాకా వస్తే అప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం. ఎక్కువ డబ్బు పెట్టే నిర్ణయం ఏదైనా అప్పుడే.

ఇంకో తమ్ముడు "మనవాళ్ళు బేస్‌బాల్‌కే పోవచ్చు కదా" అన్నాడు. ప్రయత్నం జరిగింది. 2008లో ఒక టీవీ పోటీలో గెలిచిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళని పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్ళు. డిస్నీ వాళ్ళు సినిమా కూడా తీశారు. మేజర్ లీగ్ దాకా మాత్రం పోలేదు. చెయ్యి ఉంది, చిన్నప్పటి నుంచి ఆడిన ఆట లేదు. దాని మీద ఇంకోసారి వివరంగా మాట్లాడుకుందాం.

వచ్చే ఎపిసోడ్ భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష గురించి. అండర్-19 ప్రపంచకప్ రెండుసార్లు గెలిచిన జట్టులో ఉంది. చిన్న ఊరి నుంచి ఆ అమ్మాయిని వాళ్ళ నాన్న ఎట్లా తయారుచేశారో చెప్తా. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆడుతున్న చెల్లెళ్ళు ఉంటే మీ ప్రశ్నలు ముందే పంపండి. ఉంటా మరి.